చలివేంద్రం మీద పేరు

ఫిబ్రవరి 26

నాన్ ఖమ్ చూసిందంటే చంపేస్తుంది. ఈ ఇంట్లో ఎవరూ కాగితం మీద ఏమీ రాయకూడదని రూలు పెట్టిందే ఆమె. లోపల, అంటే బర్మాలో, మాకు పనిచేసేవాళ్ళ పేర్లు రాయనులే. తెలిస్తే కదా రాయడానికి. మండలేలో దొంగచాటుగా కెమెరా పట్టుకు తిరిగే ఇద్దరికీ టీ పేర్లు పెట్టింది నేనే. అమ్మాయి డికాషన్, అబ్బాయి తీపెక్కువ. వాళ్ళు నన్ను అక్క అంటారు, అంతే. నేను సరిహద్దు దాటి థాయ్ వైపు మేసోత్‌లో కూర్చున్నానని ఊహించే ఉంటారు.

పాతికేళ్ళు మండలేలో పెళ్ళి వీడియోలు చేశాను. ప్రతి పెళ్ళికీ ఒకటే తగాదా, మా పెద్దమ్మ ముఖం సరిగ్గా పడలేదండీ అని. ఇప్పుడు ఆరు నెలలుగా సరిగ్గా పడిన ముఖాలన్నిటినీ ఏరి ఏరి మసక చేస్తున్నాను. ముఖం, ఇంటి నంబరు, బండి నంబరు, దుకాణం బోర్డు, పచ్చబొట్టు. ఎవరి గొంతూ వాళ్ళది కాకుండా మారుస్తాను. ఇక్కడ అందరికంటే నిదానంగా పనిచేసేది నేనేనని ఈ ఇంటి పెద్ద న్యో మాస్టారు అంటారు. తిట్టో మెప్పో తెలీదు.

ఇవాళ డికాషన్ పంపిన వీడియో ముక్క పది నిమిషాలుంది. మేడ మీద కిటికీ, పరదా సందులోంచి తీసింది. కింద సన్నటి వీధి. నెత్తిన తట్ట పెట్టుకుని ఒకావిడ పరిగెడుతోంది. సైనికుడు మోకాలి మీద కూర్చుని కాల్చాడు. ఆవిడ పడిపోయింది. తర్వాత వాడు లేచి ఎదురుగా ఉన్న చలివేంద్రం దగ్గరికి నడిచాడు. కుండ మీద మూత తీసి, గ్లాసు ముంచి, నిలబడి తాగాడు. తాగి గ్లాసు కడిగి బోర్లించి, మూత పెట్టాడు. ఇంట్లో ఎవరో పద్ధతిగా పెంచారు వాణ్ణి.

యోహాన్ తన దేశంలో కూర్చుని కంప్యూటర్లో అది రెండుసార్లు చూశాడు. మేమంతా చేస్తున్న డాక్యుమెంటరీకి దర్శకుడు అతనే. తర్వాత, సినిమా దీంతోనే ముగుస్తుందన్నాడు.

ఫిబ్రవరి 27

చలివేంద్రం నెత్తిన చెక్క మీద పసుపు రంగుతో రాసి ఉంది: "కీర్తిశేషులు ఊ ఫో సీన్ గారి పుణ్యార్థం, భార్య డో ఎ ఖైన్." కింద వీధి నంబరు.

వీధి నంబరు చెరిపేశాను. పేరు దగ్గర చెయ్యి ఆగిపోయింది.

నాన్ ఖమ్ నా వెనక నిలబడి అన్నం తింటోంది. "అక్కా, అదీ కొట్టెయ్."

"పుణ్యం కోసం రాయించుకున్న పేరే. పోయినాయన పేరు చెరపమంటావా?"

"రూలు రూలేగా. అక్షరం కనబడకూడదు అన్నామా లేదా?"

"మీ షాన్ కొండలవాళ్ళు దానం చేస్తే పేరు రాయరా?"

"రాస్తాం. రాసి, సైన్యం వస్తుంటే మేమే పీకేసి అడవిలోకి పోతాం. మీ మండలే వాళ్ళకి ఇప్పుడిప్పుడే అలవాటవుతోందిలే."

నోరు జాస్తి దీనికి. కానీ చేపల కూర నాకూ తెచ్చిపెట్టింది.

ఫిబ్రవరి 28

పోయిన ఏడాది జూలైలో మా ఆయన కోవిడ్ వచ్చి ఆక్సిజన్ దొరక్క పోయారు. సిలిండర్ల కోసం వరసలో నిలబడితే సైనికులు తరిమేశారు. ఏడాది తిరిగేలోగా ఆయన పేరు మీద ఒక చలివేంద్రం పెట్టిస్తానని చితి దగ్గర మొక్కుకున్నాను. మూడు కుండలు, రేకు కప్పు, పసుపు రంగు అక్షరాలు. అంతలోనే నా మీద వారెంటు వచ్చింది, పారిపోయి వచ్చాను. నేను పెట్టించలేకపోయింది ఎవరో డో ఎ ఖైన్ పెట్టించుకుంది. ఆవిడ మొగుడి పేరు నా చేత్తో ఎలా తుడవను?

మార్చి 1

పేరు ఉంచాను. మూడు సెకన్లే కనబడుతుంది. అదీ ఒక మూల.

మార్చి 19

యూరప్‌లో మూడు రోజుల కిందట సినిమా మొదటి ఆట వేశారు. మేం ఇక్కడ ముందుగదిలో చాప పరుచుకుని కంప్యూటర్లో చూశాం. ఆఖరి ముక్క వచ్చేసరికి అక్కడ థియేటర్లో ఎవరో కెవ్వుమనడం ఇక్కడికి వినబడింది. గ్లాసు బోర్లించగానే తెర నల్లబడింది. న్యో మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

తీపెక్కువ ఇవాళ సాయంత్రం వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అక్కా, మన సినిమా ఫోన్ల నుంచి ఫోన్లకి ఎక్కి అప్పుడే మా టీ కొట్టుకి కూడా వచ్చేసింది. నా పక్కన కూర్చుని ఒకాయన చూస్తూ, ఇది తీసినోడికి గుండె ఉందిరా అన్నాడు. తీసింది నేను కాదుగా, ఏం చెప్తాం, ఆయన బిల్లు మటుకు నేనే కట్టాను."

వాడి మెసేజ్ విన్నప్పుడల్లా నవ్వొస్తుంది. ఇవాళ రెండుసార్లు విన్నాను.

ఏప్రిల్ 5

డికాషన్‌ను పట్టుకుపోయారు.

ఏప్రిల్ 6

నిన్న పొద్దున రెండు ట్రక్కులు. ఆ మేడ గది తలుపు పగలగొట్టారు. కింద కుట్టుమిషన్ పెట్టుకున్న ఇంటావిణ్ణి కూడా తీసుకుపోయారు, ఇంటికి సీలు వేశారు. డికాషన్ ఎక్కడుందో తెలియదు. ఇంటరాగేషన్ కేంద్రమే అయి ఉంటుంది. నాన్ ఖమ్ ఉదయం నుంచీ పాస్‌వర్డులు మారుస్తోంది.

న్యో మాస్టారు అందరినీ కూర్చోబెట్టి అడిగారు. "ఆ గది సంగతి ఎవరెవరికి తెలుసు?"

"గది కుదిర్చింది తీపెక్కువ," అంది నాన్ ఖమ్.

"ఇంకెవరికి?"

"ఇంకెవరికీ తెలీదు మాస్టారూ. నాకూ తెలీదు. ఆ పిల్ల, వాడు, ఆ కుట్టుపనావిడ. ముగ్గురిలో ఇద్దర్ని పట్టుకుపోయారు."

మిగిలినవాడు ఎవరో వేరే అనక్కర్లేకపోయింది.

ఏప్రిల్ 8

మండలే నుంచి ఒక మందుల షాపు అతను సరిహద్దు నది దాటి వచ్చాడు. పేరు కో ఫ్యో వై. రేపు తెల్లారి బ్యాంకాక్ బస్సెక్కి, అక్కడి నుంచి వేరే దేశం పోతున్నాడు. ఒక పూట భోజనం పెట్టమని ఎవరో మా ఇంటికి పంపారు. మిగతావాళ్ళు బయటికి వెళ్ళారు. నేనే వడ్డించాను. మాటల్లో తెలిసింది, అతని షాపు సరిగ్గా ఆ వీధి మొదట్లోనే ఉందట.

"ట్రక్కులు ముందు మేడ దగ్గరికి పోలేదండీ," అన్నాడు. "తిన్నగా చలివేంద్రం దగ్గర ఆగాయి. ఆఫీసరు చేతిలో ఫోను. ఫోనులో బొమ్మ చూస్తాడు, చెక్క మీద పేరు చూస్తాడు. వార్డు పెద్ద పక్కనే ఉన్నాడు, డో ఎ ఖైన్ గారిది ఇదే సార్ అంటూ. ఆవిడ చలివేంద్రం ఎక్కడంటే ఆ చుట్టుపక్కల చిన్నపిల్లలు కూడా చెప్తారు, ముప్ఫై ఏళ్ళ నుంచీ ఉంది కదా. ఇక ఆఫీసరు చలివేంద్రానికి వీపు ఆనించి నిలబడి, ఎదురు మేడల కిటికీలు చూసుకుంటూ వచ్చాడు. ఒకటి, రెండు, మూడు. మూడోదాని దగ్గర వేలు ఆపాడు."

"ఇంకెవరితోనైనా చెప్పావా ఇది?"

"ఎవరితో చెప్పనండీ, నేను దాక్కుంటూ వచ్చినవాణ్ణి. అయినా సినిమావాళ్ళు ఇంత తెలివిగలవాళ్ళు, ముఖాలన్నీ చెరిపారు, ఆ పేరొకటి ఎట్లా వదిలేశారంటారు?"

ఇంకొంచెం అన్నం పెట్టాను. వద్దన్నాడు.

నేను చేశాను. నేనే.

ఏప్రిల్ 9

కో ఫ్యో వై వెళ్ళిపోయాడు. న్యో మాస్టారు చియాంగ్‌మైలో ఉన్నారు. రాగానే చెప్తాను.

ఏప్రిల్ 11

మాస్టారు వచ్చారు. చెప్పలేదు. వస్తూనే ఫోన్లో ఉన్నారు, సినిమా ఇంకో రెండు దేశాలకు వెళ్తోందట. ఆ డబ్బుతో ఇక్కడ పాతికమందికి తిండి. ఇవాళ చెప్తే సినిమా ఆపేస్తారు. చెరిపి మళ్ళీ పంపుదామంటే యోహాన్ ఎందుకని అడుగుతాడు. పైగా డికాషన్ సైన్యం చేతుల్లోనే ఉంది, నేను చెప్పినంత మాత్రాన వదిలిపెడతారా ఏం? నీళ్ళ పండగ అయ్యాక నింపాదిగా కూర్చుని చెప్పొచ్చు.

తీపెక్కువతో మాట్లాడొద్దని అందరికీ చెప్పారు. నాక్కూడా. జాగ్రత్త కోసం అన్నారు. జాగ్రత్త మంచిదే.

ఏప్రిల్ 12

తీపెక్కువ మెసేజ్. "అక్కా, నన్ను అన్ని గ్రూపుల్లోంచీ తీసేశారేంటి? ఏదో సాంకేతిక సమస్య అనుకున్నా. ఆ పిల్ల గురించి ఏమన్నా తెలిసిందా? గది చూపించింది నేనే కదా, నాకు అన్నం సయించట్లేదు. ఒక్కసారి ఊఁ అనక్కా చాలు."

విన్నానని వాడికి అక్కడ కనబడుతుంది, రెండు నీలం టిక్కులు. జవాబు ఇవ్వలేదు. ఇవ్వకూడదన్నారు కదా.

ఏప్రిల్ 14

నీళ్ళ పండగ రెండో రోజు. ఇక్కడ థాయ్ వాళ్ళు వీధుల్లో నీళ్ళు చల్లుకుంటున్నారు. బర్మాలో ఈ ఏడూ ఎవరూ ఆడొద్దని మనవాళ్ళే పిలుపిచ్చారు, చచ్చినవాళ్ళ మీద నీళ్ళాటలేంటని.

మధ్యాహ్నం నాన్ ఖమ్ ఫోను నా ముందు పెట్టింది. ఫేస్‌బుక్‌లో ఒక పేజీ, సైన్యానికి సమాచారం అమ్మేవాళ్ళ ఫొటోలు మనవైపు వాళ్ళే వేసేది. ఒక మనిషి ఫొటో, గుండ్రటి ముఖం, చెంపల మీద చందనం పూత, భుజాన చిన్నపిల్ల. కింద పేరు, వీధి, ఏ టీ కొట్లో కూర్చుంటాడో. పైన ఎర్ర అక్షరాలతో: కెమెరా అమ్మాయిని అమ్ముకున్న ఇన్ఫార్మర్.

"వీడేనా?" అన్నాను.

"వీడే."

తీపెక్కువ ముఖం చూడటం ఇదే మొదలు. వాడి పేరు వై యాన్ లిన్. గొంతు విని సన్నగా ఉంటాడనుకునేదాన్ని.

"ఆ పేజీలో ఫొటో పడ్డవాళ్ళలో ఎంతమంది మిగిలారు?" అని అడిగాను.

"నన్నెందుకు అడుగుతావ్ అక్కా, నీకు తెలీదా ఏంటి?" అంది.

ఇవాళే చెప్పాలి.

ఏప్రిల్ 15

మాస్టారి గదికి వెళ్ళాను. ఆయన పాదాలు వేడినీళ్ళల్లో పెట్టుకుని కూర్చున్నారు, షుగరు వచ్చిన దగ్గర్నుంచీ మంటలు.

"చెప్పు సాబే."

"ఆ తీపెక్కువ... అలాంటివాడు కాదేమో మాస్టారూ."

"నాకూ నమ్మబుద్ధి కావట్లేదు. ఆ పేజీ నడిపేవాళ్ళు నా మాట కొంచెం వింటారు. ఫోన్ చేసి ఆపమని చెప్పగలను. కానీ ఊరికే చెప్తే నువ్వెవరంటారు. నీ దగ్గర ఆధారం ఏమన్నా ఉందా?"

ఆయన నా వైపే చూస్తున్నారు. ఆయనకు నా మీద ఎంత నమ్మకమో ఆ చూపులో ఉంది. ఇన్ని నెలల్లో నా చేతిమీదుగా వెళ్ళినవాటిలో ఒక్క ముఖం బయటపడలేదని పోయిన నెలే అందరిముందూ అన్నారు.

"లేదు," అన్నాను.

"ఉంటే చెప్పు. ఎప్పుడైనా సరే, నిద్ర లేపి మరీ చెప్పు."

నీళ్ళు చల్లారాయి. వేడివి తెచ్చి పోసి వచ్చాను.

ఏప్రిల్ 17

కొత్త సంవత్సరం. గుడి దగ్గర చేపలు కొని పుణ్యానికి నదిలో వదిలాను. తొమ్మిది.

ఏప్రిల్ 18

చెప్పలేదు. తలనొప్పి.

ఏప్రిల్ 19

తీపెక్కువ మెసేజ్ ఉంది. విప్పలేదు. విప్పకపోతే టిక్కులు నీలం కావు.

ఏప్రిల్ 20

పొద్దున ఏడున్నరకు తీపెక్కువను టీ కొట్లో కాల్చేశారు. బండి మీద ఇద్దరొచ్చారు. వాడు టీ చెప్పి, అది రాకముందే.

ఏప్రిల్ 22

మా సినిమాకు ప్రైజు వచ్చింది. యోహాన్ వేదిక మీద ఏడ్చాడట. అజ్ఞాతంగా పనిచేసే సోదరసోదరీమణులకు అంకితం అన్నాడట. నాన్ ఖమ్ కేకు తెచ్చింది, ఎవరూ కొయ్యలేదు, చీమలు పట్టాయి.

నిన్న ఏమీ రాయలేదు. పంతొమ్మిదో తారీఖు మెసేజ్ నిన్న విప్పాను. నాలుగు సెకన్లు. "అక్కా, ఉన్నావా?"

ఏప్రిల్ 24

మాస్టారికి చెప్పాను. పేరు ఉంచిన సంగతి, కో ఫ్యో వై చెప్పిన సంగతి, అన్నీ. ఎనిమిదో తారీఖునే తెలుసని కూడా.

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "పదిహేనో తారీఖున అడిగాను కదమ్మా," అన్నారు.

"అడిగారు."

"లేదన్నావు."

"అన్నాను."

లేచి తలుపు వేసి వచ్చారు. "ఇది ఈ గది దాటకూడదు. దాటిందంటే లోపలున్నవాళ్ళు ఇక ఒక్క ముక్క కూడా మనకు పంపరు. ఎవరి చేతుల్లోకి పంపుతున్నామోనని భయపడతారు. వాళ్ళు పంపకపోతే సైన్యం చెప్పిందే కథ అవుతుంది. పోయినవాడు ఎలాగూ పోయాడు."

"వాడి పేరు, మాస్టారూ?"

"యుద్ధం అయ్యాక పేరు మీది మచ్చ చెరుపుదాం."

ఆయన చెడ్డవాడు కాదు. ఆయన కొడుకు జైల్లో ఉన్నాడు. నేను ఆ గదిలోంచి తేలికపడి బయటికి వచ్చాను. అది కూడా రాస్తున్నాను. తేలికపడ్డాను.

మే 9

తీపెక్కువ భార్య నది దాటి మేసోత్ వచ్చింది. నిలార్ ఊ అని పేరు. ఆరేళ్ళ కూతురితో వచ్చింది. మనవాళ్ళుండే ఏ ఇంట్లోనూ చోటివ్వలేదు. మొగుడు ఆ పిల్లను అమ్మిన డబ్బులు అయిపోయాయా అని ఒకామె మొహం మీదే అడిగిందట. మార్కెట్టు వెనక, చేపలు ఎండబెట్టేవాళ్ళ రేకుల షెడ్డులో ఉంటోంది.

మే 11

వెళ్ళాను. బియ్యం, నూనె, పిల్లకు చెప్పులు పట్టుకెళ్ళాను. చెప్పులు చిన్నవయ్యాయి.

నేనెవరో చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "అక్క అంటే మీరేనా," అంది. "ఇంట్లో ఎప్పుడూ మీ మాటే. మా అక్కకి గొంతులు మార్చడం వచ్చు, ఏదో ఒక రోజు నా గొంతు సినిమా హీరో గొంతులా మార్చమని అడుగుతా అనేవారు ఆయన."

ఇక ఆపుకోలేక చెప్పేశాను. చలివేంద్రం, చెక్క మీద పేరు, నేను చెరపకపోవడం. మీ ఆయన ఏ తప్పూ చెయ్యలేదు, తప్పు నాదని.

ఏడుస్తుందనుకున్నాను. మీద పడి కొట్టినా పడదామనుకునే వెళ్ళాను. చేపలు తిరగేస్తున్న చెయ్యి ఆపి కూర్చుంది.

"నాకు తెలుసు," అంది. "ఆయన చెయ్యలేదని నాకు తెలుసు. మీరొచ్చి చెప్పాలా ఏంటి నాకు? మా వీధిలో చెప్పండి. మా అత్తగారు పిలిస్తే ఆయన శవం మొయ్యడానికి నలుగురు రాలేదు, వాళ్ళతో చెప్పండి. దీన్ని బళ్ళో ఏమని పిలిచారో తెలుసా మీకు?"

పిల్ల చెప్పులు కాళ్ళకు ఎక్కించుకోవడానికి ఇంకా తంటాలు పడుతూనే ఉంది.

"చెప్తాను," అన్నాను.

"సరే. ఒక్కటి చెప్పండి. మీకు ఎప్పుడు తెలిసింది?"

"ఆయన పోయాక," అన్నాను.

ఆమె తల ఊపింది. "పోనీలెండి. ముందే తెలిసుంటే మీరు ఆపేవాళ్ళు," అంది. నా చెయ్యి పట్టుకుంది కూడా.

మే 12

నిద్ర లేదు. రాత్రంతా నిలార్ పట్టుకున్న ఆ చెయ్యే.

పొద్దున కెమెరా ముందు కూర్చుని అంతా చెప్పాను. నా పేరు ఖిన్ సాబే అని, మండలేలో ఏ వీధి ఆడపడుచునో చెప్పాను. ముఖం చెరపలేదు. ఆ ముక్కను వాడి ఫొటో వేసిన పేజీకే పంపాను, వాళ్ళు వెయ్యకపోతే వేరేవాళ్ళకు ఇస్తాను. మండలేలో ఉన్న మా అన్నయ్య కుటుంబాన్ని ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపొమ్మని రాత్రే కబురు పెట్టాను. వదిన నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను, న్యాయమైనవే. మాస్టారు సంచి సర్దుకోమన్నారు. నాన్ ఖమ్ సర్దిపెట్టింది. సర్దడం అయ్యాక నన్ను అడిగింది. "ఆ రోజు కొట్టెయ్ అన్నప్పుడు నేనైనా కొట్టేసి ఉండాల్సింది కదక్కా?"

తప్పు నాదని ఆ ముక్కలో చెప్పాను. ఎప్పుడు తెలిసిందో మాత్రం చెప్పలేదు. మొదలుపెట్టి రెండుసార్లు ఆపేశాను. నోటితో చెప్తే మళ్ళీ అబద్ధమే వస్తుంది నాకు. నిలార్ ముందు వచ్చినట్టే వస్తుంది.

నాకు తెలిసింది ఏప్రిల్ ఎనిమిదిన. అతన్ని చంపింది ఇరవైన. మధ్యలో పన్నెండు రోజులు.

నిలార్, ఈ పుస్తకం నీకు ఇచ్చి వెళ్తున్నాను. లోపలివాళ్ళ పేర్లు ఇందులో లేవు, మీ ఆయనది తప్ప. ఏప్రిల్ ఎనిమిది దగ్గర కాగితం మడత పెట్టాను. ముందు అక్కణ్ణుంచి చదువు.